పట్టా మోగితే లోపలికి

గాలివాన వస్తే మీరంతా ఇళ్లలోకి వెళ్తారు. మేం బయటికి వస్తాం. లైన్‌మన్ ఉద్యోగం అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే. స్తంభం ఎక్కడం, తీగ బిగించడం, కరెంటు పోయినప్పుడల్లా జనం చేత తిట్లు తినడం, ఇవన్నీ చేస్తూ ఉంటే వాటంతట అవే వచ్చేస్తాయి. అందరూ తలుపులు వేసుకున్న వీధిలో ఒక్కడివే తడుస్తూ నిలబడటం మాత్రం అంత తొందరగా అలవాటు కాదు. నాకైతే పూర్తిగా అలవాటయ్యే లోపే రిటైర్మెంట్ వచ్చేసింది.

పోయిన నెల చీపురుపల్లిలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, ఒక చిన్న ఊరు వెళ్లొచ్చాను. అక్కడ నాకు చుట్టాలెవరూ లేరు. పొలం లేదు, పని లేదు. "ఇంకా ఆ ఊళ్లో ఏం కరెంటు పోయిందని వెళ్తున్నావు?" అని ఇంట్లో నవ్వారు. ఆ ఊరికి నేనెందుకు వెళ్తుంటానో వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా సగమే వింటారు. మీకు మొత్తం చెబుతాను.

అది ఒకప్పటి మాంగనీసు గని ఊరు. వాళ్లు గని అనరు, మైను అంటారు. మైను మూతపడి చాలా కాలమైంది. అది తవ్విన గొయ్యి ఇప్పుడు పెద్ద చెరువంత ఉంది, లోతు ఎవరికీ తెలియదు. పనికిరాదని పారబోసిన రాయి గుట్టలుగా పడి ఉంది. వాటిని దిబ్బలంటారు. వాన పడితే ఆ దిబ్బల మీంచి నల్లటి నీళ్లు దిగి వీధిలోకి వస్తాయి. ఆ ఊళ్లో తెల్ల చొక్కా తెల్లగా ఉండటం నేను చూడలేదు. నా ఖాకీ చొక్కా కూడా అక్కడ రెండేళ్లలో వేరే రంగుకు తిరిగింది.

ఊరంటే ఒకటే పొడుగాటి వీధి. మైను కూలీల కోసం కట్టిన వరస ఇళ్లు అటూ ఇటూ. వీధికి ఒక కొస తారురోడ్డు వైపు, రెండో కొస దిబ్బల వైపు. సరిగ్గా నడుమ, పాత మైను ఆఫీసు ముందు, రెండు ఇనప గర్డర్ల మధ్య ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. పక్కనే గొలుసుకు ఒక ఇనప కడ్డీ. ఆఫీసు గదిలో ఇప్పుడు రేషన్ డిపో ఉంది గానీ పట్టాని ఎవరూ కదపలేదు. ఇనప సామాన్లు కొనేవాళ్లు ఎన్నిసార్లు వచ్చి అడిగినా ఇవ్వలేదట. నాకు ఆ చుట్టుపక్కల ఊళ్ల బీటు కొత్తగా ఇచ్చినప్పుడు నేను దాన్ని చూసి, ఊళ్లో మీటింగు ఉంటే కొట్టే గంట అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా.

ఆ ఏడాది మాకొక కొత్త అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు వచ్చారు. కుర్రవాడు, గుంటూరు వైపు మనిషి, ఉత్సాహం ఎక్కువ. విద్యుత్ భద్రత గురించి ఊరూరా జనానికి చెప్పాలని ఒక బ్యానరు రాయించి జీపులో పెట్టుకుని తిరిగేవారు. నా బీటులో మొదటి మీటింగు ఈ ఊళ్లోనే పెట్టారు. మేం వెళ్లేసరికి పదిమంది కూడా లేరు. "జనాన్ని పోగెయ్యవయ్యా" అన్నారు ఏఈ గారు. నేను నా తెలివంతా ఉపయోగించి, ఆ ఇనప కడ్డీ అందుకుని, పట్టాని ఆపకుండా గబగబా వాయించాను.

అంతే. వీధిలో ఉన్న పదిమంది కూడా మాయమయ్యారు. బోరింగు దగ్గర బిందెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ధడధడ తలుపులు మూసుకున్నాయి. కుక్కలు కూడా అరుగుల కిందికి దూరాయి. ఏఈ గారు, నేను, బ్యానరు మిగిలాం.

"ఏంటయ్యా, మనల్ని చూసి తలుపులేసుకుంటున్నారు? బిల్లుల కోసం వచ్చామనుకున్నారా?" అన్నారాయన.

నేనేమైనా చెప్పే లోపే తారురోడ్డు కొస నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "మాయిల్లు నిండు!" ఆ పక్కింట్లోంచి మరో గొంతు. "మాయిల్లు నిండు!" ఇల్లు తర్వాత ఇల్లు, ఆ కేక మా వైపు నడిచి వస్తోంది. దిబ్బల కొస నుంచీ అలాగే మొదలైంది. రెండు వైపుల నుంచీ వచ్చిన కేకలు మా దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎదురింటి తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ గట్టిగా అరిచింది. "నిండు కాదు! నిండు కాదు! ఈదిలో ఇద్దరున్నారు!"

అరవడంతో ఆగలేదు. పరుగున వచ్చి ఏఈ గారి రెక్క పట్టుకుని లాగింది. "నోపలికి రాయ్యా, రాయి పడతాది! సదువుకున్నోడివి, పట్టా మోగితే నిలబడిపోతావేటి?" ఆయన్ని లోపలికి తోసి, నన్ను కూడా తోసి, తలుపు వేసి, తల బయటికి పెట్టి అప్పుడు అంది: "ఈయిల్లు నిండు!"

ఆ ఇల్లు ఆమెది కాదని తర్వాత తెలిసింది. ఆమెది దిబ్బల వైపు కొస ఇల్లు. బోరింగుకు నీళ్లకొచ్చి, పట్టా మోగగానే దగ్గరున్న ఇంట్లోకి దూరిందట. ఆమె ఇంట్లో లేనప్పుడు ఆ కొస కేక పక్కింటావిడ వేస్తుందట.

ఆ చీకటి గదిలో, జొన్నల బస్తాల మధ్య కూర్చోబెట్టి మాకు అసలు సంగతి చెప్పింది. మైను నడిచే రోజుల్లో రాయి పగలగొట్టడానికి మందు పేల్చేవారు. పేల్చే ముందు పట్టా ఆపకుండా కొట్టేవారు. వినిపించినవాళ్లు ఎక్కడున్నా ఇంట్లోకి రావాలి. దూరాన పొలాల్లో, గొయ్యి గట్టున ఉన్నవాళ్ల కోసం ఒక ఎర్రగుడ్డ ఎత్తేవారు. అది చూసినవాళ్లు ఉన్నచోటే కూర్చుని చెవులు మూసుకోవాలి. ఇక ఇళ్లలో, ఇంటి పెద్దావిడ తనవాళ్లందరూ లోపల ఉన్నారో లేదో చూసుకుని "మాయిల్లు నిండు" అని కేకెయ్యాలి. రెండు కొసల నుంచీ మొదలై ఆ కేక నడుమన పట్టా దగ్గరికి చేరాలి. కొస ఇల్లు అననిదే దాని పక్కిల్లు అనకూడదు. ఒక్క ఇల్లు అనకపోయినా వత్తి ముట్టించరు. పేలాక, రాళ్లు పడటం ఆగాక, పట్టా మీద ఒంటి దెబ్బ కొడతారు. అప్పుడు బయటికి రావాలి.

"మైను పోయినా ఇదెందుకు ఒగ్గనేదమ్మా?" అని అడిగాను.

"ఒకపాలి లెక్క తప్పినాది బావూ" అంది. ఎవరి లెక్క, ఎలా తప్పిందీ చెప్పలేదు. ఆమె ముఖం చూసి నేనూ అడగలేదు. అమ్మవారి పండగ ఆ ఊళ్లో ఇప్పటికీ పట్టా మోగించడంతోనే మొదలవుతుంది. అందరూ లోపలికి వెళ్లి, ఇళ్లన్నీ నిండు అనిపించుకుని, ఒంటి దెబ్బ పడ్డాకే బయటికి వచ్చి సంబరం చేసుకుంటారు. మందు పేలడం ఎన్నడూ చూడని పిల్లలు కూడా సత్తు పళ్లెం వాయించుకుంటూ అదే ఆట ఆడతారు.

ఏఈ గారికి ఆ మీటింగు అవమానంగా అనిపించిందనుకుంటాను. తర్వాత ఒక సంవత్సరం పాటు ఎక్కడ నలుగురు చేరినా నన్ను చూపించి, "జనాన్ని పోగెయ్యమంటే ఊరు ఖాళీ చేయించిన మనిషి" అనేవారు. మా లైన్ ఇన్‌స్పెక్టర్ గారు అంతకన్నా ముదురు. సబ్‌స్టేషన్‌లోకి నేను అడుగుపెట్టగానే "నిండు" అనేవారు. నాకు పని నేర్పింది ఆయనే కాబట్టి పడేవాణ్ణి. ఆయన నేర్పినవాటిలో ఒకటి మీకూ చెప్పాలి. తీగ కింద పడి కనిపిస్తే అది బతికే ఉందనుకో, కరెంటు లేక చచ్చిందని నువ్వు స్వయంగా రుజువు చేసుకునే దాకా.

ఆ మాట అవసరం తొందరలోనే వచ్చింది.

ఒక తుఫాను మా మీదుగా పోయింది. పేరు చెప్పను, మీ అందరికీ ఏదో ఒక తుఫాను గుర్తుండే ఉంటుంది. స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. మేం ఇళ్ల ముఖం చూడకుండా లైన్లు నిలబెట్టుకుంటూ వచ్చాం. ఈ ఊరికి వెళ్లే పదకొండు కేవీ లైను బాగుచేయడం అయ్యాక, ఒక మధ్యాహ్నం కరెంటు ఇస్తామన్నారు. ఊళ్లో ఎలా ఉందో చూడటానికి నేను బండి మీద ముందుగా వచ్చాను. లైన్ ఇన్‌స్పెక్టర్ గారు మిగతా మనుషులతో రోడ్డు మీద ఉన్నారు.

కరెంటు వచ్చింది. ఆ సంతోషం మీరు చూడాలి. వీధంతా ఈలలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీవీలు మోగుతున్నాయి, ప్రతి ఇంట్లో ఛార్జింగు వైర్లు వేలాడుతున్నాయి. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మాకు టీ దొరికేది అలాంటప్పుడే, కాబట్టి ఆస్వాదించి తాగుతున్నాను. సన్నగా వాన, అప్పుడప్పుడూ ఈదురుగాలి. గ్లాసు సగం కూడా కాలేదు, దిబ్బల కొస నుంచి ఫెళ్లున శబ్దం.

ఊరి చివర, కొస ఇల్లు దాటాక, దిబ్బల దారి వీధిలో కలిసేచోట ఒక తాటిచెట్టు ఉండేది. తుఫానుకు దాని వేళ్లు వదులైపోయి ఉంటాయి. అది లైను మీద పడి, ఒక తీగ తెగి దారికి అడ్డంగా నేల మీద పడింది. మామూలుగా అలా పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడిపోయి కరెంటు ఆగాలి. ఒక్కోసారి, నేల రాతినేల అయితే, ఆగదు. ఆ రోజు ఆగలేదు. వీధిలో ఫ్యాన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, తీగ దగ్గర తడి గడ్డి చిటపటలాడుతోంది. అలాంటి తీగని ముట్టుకోనక్కర్లేదు. తడి నేలలో దాని దగ్గరికి నడిచినా ప్రాణం పోతుంది.

లైను ఆపే స్విచ్ తారురోడ్డు మీద, ఊరికి దూరంగా ఒక స్తంభానికి ఉంది. నేను వెళ్లి ఆపాలి. ఫోను లేదు, తోడు లేదు. నేను వెళ్తే తీగ దగ్గర కాపలా లేదు. కాపలా ఉంటే తీగ బతికే ఉంటుంది. ఇక జనం సంగతి చెప్పాలా! ఊరు ఊరంతా ఆ శబ్దానికి తీగ వైపే వస్తోంది. "ఏటి పడినాది?" "తాడిసెట్టేటి?" "ఎవులి మీదన్నా పడినాదేటి?" నేను చేతులు చాపి "రావద్దు, రావద్దు, సచ్చిపోతారు" అని అరుస్తున్నకొద్దీ, ఇంత అరుస్తున్నాడంటే చూడదగ్గది ఏదో ఉందని వెనకవాళ్లు ముందుకు తోసుకొస్తున్నారు. సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు కొందరు.

నాకు భయం వేసింది. అప్పుడు పట్టా కనిపించింది.

పరుగెత్తుకెళ్లి కడ్డీ అందుకుని, ఆ మీటింగు రోజు కొట్టినట్టే, ఆపకుండా గబగబా కొట్టాను. చేతులు జారుతున్నా కొట్టాను. వీధిలో ఆ జనం ఒక్క క్షణం తలలు తిప్పి పట్టా వైపు చూసి, మరుక్షణం చెదిరి ఇళ్లలోకి వెళ్లిపోయారు. ఎందుకని ఒక్కరు కూడా అడగలేదు. నా ఖాకీ చొక్కా మాట వినని మనుషులు ఆ ఇనప ముక్క మాట విన్నారు. తలుపులు పడ్డాయి. తారురోడ్డు కొస నుంచి కేక మొదలైంది. "మాయిల్లు నిండు!" "మాయిల్లు నిండు!" అది పట్టా దాకా నడిచి వచ్చేసింది.

దిబ్బల కొస నుంచి మాత్రం కేక లేదు.

కొస ఇల్లు అననిదే పక్కిల్లు అనకూడదు కదా. ఆ సగం వీధి అంతా మనుషులు లోపలే ఉండి, నోరు మెదపకుండా, కొస ఇంటి కోసం చూస్తోంది. నేను అటు పరుగెత్తాను. సగం దూరంలోనే ఒక ఆడగొంతు వినిపించింది. "మాయిల్లు నిండు కాదు! మా ముసిలోడు బయటున్నాడు!"

మీటింగు రోజు మమ్మల్ని లోపలికి లాగిన ఆవిడే. ఆమె మొగుడు ఆ మైనులో మందు మేస్త్రీ. వత్తి ముట్టించినవాడు. పట్టా కొట్టినవాడూ ఆయనే. అన్నేళ్ల పేలుళ్లకు ఆయన చెవులు రెండూ పూర్తిగా పోయాయి. ఊరంతటినీ లోపలికి తెచ్చే పట్టా ఆ ఊళ్లో వినిపించనిది ఆయనొక్కడికే. ఆ రోజు గేదెను మేపడానికి దిబ్బల మీదికి తోలుకెళ్లాడు.

ఆమె వేలు చూపించిన వైపు చూశాను. తీగకు అవతల, దిబ్బ దిగి, తల మీద తువ్వాలు కప్పుకుని, గేదె పలుపు పట్టుకుని వస్తున్నాడు. తల వంచుకుని కాలి కింద చూసుకుంటూ నడుస్తున్నాడు. గేదెకు ఇల్లు కనబడింది, అది తొందరపడుతోంది. తీగ ఉన్నది సరిగ్గా వాళ్ల దారిలో. నేను అరిచాను. వినపడదని తెలిసీ గొంతు చిరిగేలా అరిచాను. అటు వెళ్లడానికి నాకూ ఆ తీగే అడ్డం.

"ఎందుకరుస్తావు బావూ, పక్కన పిడుగు పడినా ఇనపడదు" అని ఆమె లోపలికి పోయింది. చేతిలో ఎర్రచీరతో వచ్చి, ఇంటి పక్క మెట్లెక్కి డాబా మీదికి పోయింది. ఆ వయసులో ఆ మెట్లు అంత వేగంగా ఎలా ఎక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు. చీర రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని తలపైకి ఎత్తింది. గాలికి అది పెద్దగా విచ్చుకుంది.

ఆయన ఇంకా నేలనే చూస్తున్నాడు. మరి రెండు అడుగులు వేశాడు. ఏదో ఎర్రగా కళ్లకు తగిలి ఉంటుంది, తలెత్తాడు.

ఎక్కడివాడు అక్కడే కూలబడ్డాడు. చూడటం, కూర్చోవడం ఒక్కసారే జరిగాయి. చెవులు మూసుకోవడానికి రెండు చేతులూ కావాలి, చేతిలో పలుపు ఉంది. దాన్ని ఒంటికి చుట్టి, మిగిలింది కింద పెట్టి దాని మీదే కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. వినిపించని చెవుల్ని ఆయన ఎందుకు మూసుకున్నాడో అడక్కండి. గేదె ముందుకు గుంజుతోంది, ఆయన కదలడం లేదు.

డాబా మీంచి ఆమె నా వైపు చూసి అరిచింది. "నువ్వెల్లు! బేగెల్లు! నాను గుడ్డ దించను!"

నేను బండి తీశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, ఆవిడ చేతులు ఎంతసేపు నిలబడతాయి, గేదె ఎంతసేపు ఆగుతుంది. స్విచ్ హ్యాండిల్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని బతిమాలాను, తిట్టాను, చివరికి ఒళ్లంతా వేసి వేలాడితే దిగింది. అదే సమయానికి లైన్ ఇన్‌స్పెక్టర్ గారు మనుషులతో వచ్చారు. నా ముఖం చూసి ఏమీ అడగకుండా చేయాల్సినవన్నీ చేయించారు. లైను చచ్చిందని రుజువు చూసుకుని, ఎర్తు చేసి, అందరం ఊళ్లోకి వచ్చాం. వీధి ఖాళీగా ఉంది. ఒక్క తలుపు తెరుచుకోలేదు. డాబా మీద ఎర్రచీర అలాగే ఉంది.

పట్టా మీద ఒంటి దెబ్బ కొట్టాను. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె చీర దించింది.

మేస్త్రీ లేవలేదు.

చెవుల మీద చేతులతో, తల వంచుకుని, అలాగే ఉన్నాడు. నేను ఆలస్యం చేశానా? తడి నేల మీంచి కరెంటు ఆయన దాకా పోయిందా? తీగ మీంచి దాటి పరుగెత్తాను. నా వెనక లైన్ ఇన్‌స్పెక్టర్ గారు. దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఆ కళ్లు ఎర్రబడ్డాయి. ఒక చెయ్యి తీసి నా మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు.

"కూకో! కూకో ఎర్రోడా! ఇంకా పేల్నేదు!"

అప్పుడు అర్థమైంది. మందు పేలితే చెవిటివాడికైనా నేల అదురుతుంది. ఆయన నేల అదురు కోసం చూస్తున్నాడు. గుడ్డ ఎత్తారు, దించారు, నేల మాత్రం అదరలేదు. అంటే మందు పేలలేదు, లోపలే ఉండిపోయింది. పేలని మందు ఉన్నప్పుడు లేచినవాడే చచ్చేవాడని ఆయనకు తెలుసు. అందుకే మమ్మల్ని కూడా కూర్చోమంటున్నాడు. ఆ పట్టు విదిలించుకునే బలం నాకు లేదు, ఇష్టమూ లేదు. కూర్చున్నాను. లైన్ ఇన్‌స్పెక్టర్ గారు ఒక క్షణం నన్నూ ఆయన్నీ చూసి, ప్యాంటు పైకి లాక్కుని, తనూ బురదలో కూర్చున్నారు. ముగ్గురం, ఒక గేదె, నల్లటి నీళ్లు కింద నుంచి పోతూ ఉండగా, ఎప్పుడో మూతపడిన మైనులో మందు పేలుతుందని ఎదురుచూశాం.

ఆమె వచ్చి ఆయన భుజం తట్టి, నోరు బాగా తెరిచి, పెదాలు కనబడేలా చెప్పింది. "మందు నేదు! మట్టీ నేదు! తీగ తెగినాది, తీగ! నెగు, జొరమొస్తాది!"

ఆయన తీగ వైపు చూశాడు. విరిగిన తాటిచెట్టు చూశాడు. తర్వాత గేదెను చూసి, దాని మెడ నిమిరి, అప్పుడు లేచాడు.

నేను కొంతసేపు అక్కడే కూర్చుండిపోయాను. లైన్ ఇన్‌స్పెక్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి "నిండు" అన్నారు. ఆ మాట ఆయన నన్ను ఏడిపించడానికి అనకపోవడం అదే మొదటిసారి.

తాటిచెట్టు ముందే ఎందుకు కొట్టించలేదని నాకు తర్వాత మెమో వచ్చింది. రావలసిందే, రాకపోతే అది మా డిపార్ట్‌మెంటు కాదు. ఏఈ గారు మాత్రం ఆ ఊరు ప్రత్యేకంగా వెళ్లి, పట్టా వేలాడే గర్డర్లకు రంగు వేయించి వచ్చారు. ఆ తర్వాత నా మీద జోకులు వెయ్యలేదు.

నేను గర్వంగా చెప్పుకోగలిగింది ఒకటుంది. నా బీటులో, నా తీగ తగిలి ఒక్క మనిషి కూడా పోకుండా నేను రిటైరయ్యాను. అందరూ దాన్ని నా జాగ్రత్త అన్నారు, సన్మానంలో శాలువా కూడా కప్పారు. ఆ శాలువా కప్పించుకుంటున్నప్పుడు నాకు కనిపించింది డాబా మీద ఆమె ఎత్తిన చీర. ఆ రోజు ఆ ఊరు నన్ను కాపాడింది. మేస్త్రీకి ఏమైనా అయి ఉంటే నేను ఉద్యోగం చేసేవాణ్ణేమో గానీ నిద్రపోయేవాణ్ణి కాదు. ఆ ఋణం తీర్చడానికి కాదు, తీరదని తెలిసే వెళ్తుంటాను.

పోయిన నెల వెళ్లినప్పుడు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఇంకా ముసలివాడయ్యాడు. ఆమెకు ఆయాసం, గొంతు సన్నబడిపోయింది. గేదె లేదు, దాని మనవరాలు ఉంది. రాగి అంబలి ఇచ్చి, నా ఆరోగ్యం, పిల్లల ఆరోగ్యం అన్నీ అడిగింది. మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. ఈ మధ్య పిడుగులు పడతాయని ఫోన్లలో ముందే మెసేజీలు వస్తున్నాయి కదా, అది చూసి ఎవరో పట్టా కొట్టడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో ఫోను చెప్పిందాన్ని కూడా పట్టా చెబితేనే నమ్ముతారు.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. కాళ్లు చెప్పుల కోసం వెతుకుతున్నాయి. అన్నేళ్లు చేసిన పని అంత తొందరగా పోదు.

"ఏటి, ఎక్కడికి?" అంది ఆమె.

"ఏం లేదమ్మా, అలవాటు."

"కూకో."

మేస్త్రీకి పట్టా వినపడలేదు. ఆమె భుజం తట్టి పైకి వేలు చూపించింది. ఆయన గోడకు చేరబడి రెండు చెవులూ మూసుకున్నాడు. వీధిలో తలుపులు పడుతున్నాయి. తారురోడ్డు కొస నుంచి కేక మొదలైంది. మా వైపు వీధంతా నిశ్శబ్దంగా ఉంది. కొస ఇల్లు ఇదే, ఇక్కడి నుంచి మొదలు కావాలి.

ఆమె నోరు తెరిచింది, గాలి తప్ప గొంతు రాలేదు. దగ్గింది. నా వైపు తిరిగింది.

"నా గొంతు పక్కింటికి కూడా పోతన్నాది కాదు బావూ. నువ్వనీ."

"నేనా? నేనెలా అంటానమ్మా, మీ ఇల్లు కదా."

"ఆ రోజు మా ముసిలోడు ఇంటికొచ్చీసినా మేం నిండు అననేదు. నీకు తెలీదు. నువ్వు మళ్లా స్తంభమెక్కి తీగ కడతన్నావు. బయట మనిసున్నాడని ఈ సగం ఊరు ఎవులూ నోరిప్పనేదు. నువ్వు బండెక్కి ఎల్లిపోయినావు, ఆ రోజు లెక్క అలాగే ఉండిపోయినాది." ఆయాసానికి ఆగి, ఊపిరి తీసుకుంది. "ఇయ్యాల నోపలున్నావు కదేటి. అను."

నేను తలుపు దగ్గరికి వెళ్లాను. వీధిలో ఎవరూ లేరు. ఇన్నేళ్లూ ఆ వీధిని బయట నిలబడి చూసినవాణ్ణి, మొదటిసారి గడప ఇవతల నుంచి చూశాను. గొంతు సవరించుకుని, గట్టిగా అన్నాను.

"మాయిల్లు నిండు!"

పక్కింట్లోంచి ఒక ఆడగొంతు. "ఎవులిదా గొంతు?" ఇంకొక గొంతు. "మన లైన్‌మేన్‌దే. నువ్వను." వెంటనే "మాయిల్లు నిండు!" అని వినిపించింది. ఆ పక్కింట్లోంచి మరొకటి. ఇల్లు తర్వాత ఇల్లు, కేక పట్టా వైపు నడిచి వెళ్లిపోయింది.

కాసేపటికి దిబ్బల మీద ఎక్కడో పిడుగు పడింది. ఇల్లు అదిరింది, అరుగు కింద నేల అదిరింది. మేస్త్రీ చెవుల మీంచి చేతులు తీసి, మా ఇద్దరినీ చూసి, చాలా కాలంగా ఎదురుచూసినవాడిలా తల ఊపాడు.

"పేలినాది" అన్నాడు. "ఇంక నెగొచ్చు."

నేను లేవలేదు. వాన వెలిసేదాకా వాళ్ల మధ్యనే కూర్చున్నాను.